రాగి కావాలి, కానీ వేడి కోసం కాదు

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు మా నెల్లూరు జిల్లా కావలిలో ఏ ఇంట్లో కుళాయి తిప్పినా చెయ్యి చుర్రుమంటుంది. మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఎవరూ అడక్కుండానే సోలార్ హీటర్ పని చేసేస్తుంటుంది. కాళ్ళు కడుక్కోవాలన్నా ముందు బకెట్లో పట్టి చల్లార్చుకోవాలి. అదే ట్యాంకు ధనుర్మాసంలో తెల్లారి ఐదింటికి ఒళ్ళు జివ్వుమనే నీళ్ళిస్తుంది. ఎండ మనకి కొరత కాదు. కావలసిన నెలలో, కావలసిన గంటకి అందకపోవడమే మన బాధ.

ఇంట్లోనే సోలార్ వాటర్ హీటర్ చేసుకుందామని సరదాపడే వాళ్ళు మా వైపు బాగానే ఉన్నారు. వెల్డింగ్ షాపులున్నాయి, పాత సామాను కొట్లున్నాయి, ఫోన్లో వీడియోలున్నాయి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "రాగి పైపులు వెయ్యాలా, జీఐ చాలా? ఏది బాగా వేడెక్కుద్ది?" (జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుము.) ఈ రెండో ముక్క దగ్గరే నాకు పేచీ. ఏది బాగా వేడెక్కుతుందో చూసి మెటీరియల్ కొనడం మన ప్రాంతంలో డబ్బు దండగ. మే నెల ఎండకీ, బోరు నీళ్ళకీ, ఉప్పుగాలికీ ఏది నిలబడుతుందో చూసి కొనాలి. వేడి సంగతి ఎండే చూసుకుంటుంది.

ఈ హీటరంటే పైన అద్దం, లోపల నల్లరేకుకి బిగించిన నీళ్ళ పైపులు ఉన్న ఒక పెట్టె, దానికి తగిలించిన ఒక ట్యాంకు. లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంటికి 100 లీటర్ల వేడినీళ్ళు, బకెట్లో చన్నీళ్ళు కలుపుకుంటే, సరిపోతాయి. చలికాలంలో మన ట్యాంకు నీళ్ళు 24 డిగ్రీల దగ్గర ఉంటాయనుకుందాం. వాటిని 50కి తేవాలంటే సుమారు 3 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి కావాలి. దక్షిణానికి తిప్పి 25, 30 డిగ్రీల వాలు పెట్టిన రెండు చదరపు మీటర్ల పెట్టె మీద, మబ్బు లేని రోజున 10 యూనిట్ల ఎండ పడుతుంది. అంటే పడినదాంట్లో మూడో వంతు పట్టుకున్నా మన పని అయిపోయినట్టే. అంత మాత్రం పని చెయ్యని పెట్టె కట్టాలంటే అందుకు ప్రత్యేకంగా కష్టపడాలి.

వీడియోల్లో కనిపించే డిజైన్లు చాలావరకు మంచు పడే దేశాలవి. పైపులో నీళ్ళు గడ్డకట్టకుండా మందు కలపడం, రెండు పొరల అద్దం, ఖరీదైన నల్లటి కోటింగు, ఇవన్నీ వాళ్ళకి అవసరం. బయట సున్నా డిగ్రీలున్నప్పుడు పెట్టెలోంచి వేడి పారిపోకుండా కాపాడుకోవడానికి వాళ్ళు పడే పాట్లు అవి. సంక్రాంతి మధ్యాహ్నం కూడా 28, 29 డిగ్రీలుండే చోట మనం వాటిని కాపీ కొట్టడమెందుకు?

ఇంకో సంగతి. నెల్లూరు జిల్లాలో కురిసే వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా వాయుగుండాలు, ముసురు. వేన్నీళ్ళ మీద మనసు మళ్ళేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. మూడు రోజులు సూర్యుడు కనపడకపోతే రాగి అయినా బంగారమైనా చేసేదేమీ లేదు, ఇమ్మర్షన్ రాడ్డే దిక్కు. కాబట్టి ముసురు రోజుల కోసం ఖరీదైన సామాను కొంటే ఆ ఖర్చు తిరిగి రాదు.

ఇప్పుడు రేకు సంగతి. ఎండని పట్టి పైపుకి అందించేది రేకే. మా బావమరిది ఒంగోలులో ఉంటాడు, పూర్తిగా రాగి రేకే వెయ్యాలని పట్టుబట్టాడు. "బావా, రాగికి మించి వేడి లాగేది లేదు గదా!" అంటాడు. నిజమే. వేడిని ప్రవహింపజేయడంలో రాగి అల్యూమినియానికి రెట్టింపు కంటే కొంచెం తక్కువ, ఇనుముకి ఏడెనిమిది రెట్లు. కానీ రేకు మీద పడిన వేడి ఎంత దూరం నడవాలి? పైపుకీ పైపుకీ మధ్య 10 సెంటీమీటర్లుంటే, అటు ఐదు, ఇటు ఐదు. అంత చిన్న దూరానికి లెక్క వేస్తే, 0.3 మిల్లీమీటర్ల రాగి రేకు పనితనం 95 శాతం వస్తుంది. అదే మందం అల్యూమినియానికి 91 వస్తుంది. అర మిల్లీమీటరు ఇనుప రేకుకి కూడా 80 పైనే వస్తుంది. 95కీ 91కీ తేడా కోసం అన్ని వేలు పొయ్యాలా? పైగా, పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీగ పట్టుకుపోయే దొంగలున్న ఊళ్ళలో, మిద్దె మీద రెండు చదరపు మీటర్ల రాగి రేకు పరిచి నిద్రపోవడానికి గుండె ధైర్యం కావాలి.

నా ఓటు ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడి పారేసిన అల్యూమినియం ప్లేట్లకి. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు అచ్చేశాక వాటిని కిలోల లెక్కన అమ్మేస్తారు. పలుచగా, చదునుగా ఉంటాయి, కత్తెరతోనే తెగుతాయి. చెయ్యాల్సిన అసలు పని గాడి తియ్యడం. ఒక గట్టి చెక్క మీద రెండు బద్దలు, మధ్య పైపు మందం కంటే కాస్త ఎక్కువ సందు ఉండేట్టు, మేకులతో కొట్టండి. ప్లేటు పరిచి, ఆ సందు మీద పైపు లావే ఉన్న ఇనుప కడ్డీ పెట్టి సుత్తితో మెల్లగా దించుకుంటూ పోవాలి. ఒకేచోట గట్టిగా కొడితే ప్లేటు చిరుగుతుంది. గాడి సరిగ్గా దిగిందా లేదా అన్నదానికి గుర్తు, పైపు అందులో పెట్టి నొక్కితే టక్కుమని కూర్చోవాలి, తిరగేసినా జారకూడదు. ఆ తర్వాత జానెడుకొక చోట బైండింగ్ వైరుతో బిగించాలి. రేకు ఏ లోహమైతేనేం, పైపుకి ఆనుకోకపోతే మధ్యలో గాలి పొర ఉండిపోతుంది. ఆ పొర దగ్గరే వేడి ఆగిపోతుంది. రాగి రేకు కొని పైపుకి వదులుగా కట్టిన పెట్టె కంటే, అచ్చు ప్లేటు బిగించి కట్టిన పెట్టె ఎప్పుడూ మేలే. పైన మ్యాట్ బ్లాక్ పెయింటు. స్కూలు బోర్డులకి వేసేది చాలు, మెరిసే ఎనామిల్ వద్దు. పెయింటేసిన వెంటనే అద్దం మూసెయ్యకండి. నాలుగు రోజులు ఎండలో వదిలేస్తే దాని ఆవిరంతా పోతుంది, లేదంటే అదే అద్దం లోపలివైపు మసకగా పేరుకుంటుంది.

మరి రాగి ఎక్కడ? పైపులకి. అక్కడ మాత్రం నేను రాజీపడను. కారణం బోరు నీళ్ళు.

మా వీధిలో ఒకరింట్లో పాత గీజరు లైను మారుస్తుంటే ప్లంబరు కోసి పడేసిన జీఐ ముక్క ఒకటి తెచ్చి దాచుకున్నాను. ముప్పావు అంగుళం పైపు. పక్కనుంచి చూస్తే మామూలుగానే ఉంటుంది. కోసిన వైపు నుంచి చూడాలి. లోపల చుట్టూ తెల్లటి పొర, దాని మీద పసుపుపచ్చ పొర, మళ్ళీ తెలుపు, అక్కడక్కడా తుప్పు చార. మధ్యలో పెన్సిల్ దూరేంత కంత మిగిలింది. గోరుతో గీకితే రాలదు, స్క్రూడ్రైవరుతో పొడిస్తే పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చుని నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్ళలో వేస్తే బుసబుసా నురగొచ్చి కాసేపట్లో కరిగిపోయింది. అది సున్నమే. నీళ్ళు వేడెక్కేకొద్దీ, ముఖ్యంగా 60 డిగ్రీలు దాటాక, కరిగి ఉన్న సున్నం విడిపోయి పైపు గోడలకి పడుతుంది. 50 దగ్గర ఆగే మన నాటు హీటరుకి ఇందులో కొంత లాభమే ఉంది, కాస్త నెమ్మదిగా పడుతుంది. కానీ పడక మానదు.

అంటే కట్టేటప్పుడే కడగడం గురించి ఆలోచించాలి. నిమ్మ ఉప్పు నీళ్ళు పైపుల్లో నింపి, కొన్ని గంటలుంచి వదిలేస్తే చాలా భాగం శుభ్రపడుతుంది. రాగి ఆ పులుపుని బాగానే తట్టుకుంటుంది. జీఐ తట్టుకోదు, పులుపు తగిలితే దాని మీది జింకు పూత సున్నంతో పాటే కరిగిపోతుంది. నాలుగుసార్లు కడిగితే మిగిలేది ఉత్త ఇనుము. పైగా జీఐ గ్రిడ్డుకి వెల్డింగ్ పెట్టినప్పుడే ప్రతి అతుకు దగ్గరా జింకు కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ తెల్లపొగ పీల్చిన వెల్డరుకి సాయంత్రానికి జ్వరం తగలడం కూడా ఉంది. అందుకే రాగి అన్నాను. జీవితంలో ఎన్నిసార్లైనా కడుక్కోవచ్చు గనక. బాత్‌రూమ్ యాసిడ్ మాత్రం దాని దగ్గరికి కూడా రానివ్వకండి.

పైనా కిందా అంగుళం పైపు, మధ్యలో నిలువుగా అరంగుళం పైపులు. అంతకంటే సన్నవి వద్దు, ఫ్రిజ్ వెనకుండే లాంటి సన్నపైపు మన నీళ్ళకి తొందరగానే మూసుకుపోతుంది. అంగుళం పైపుల చివర్లు పూర్తిగా మూసెయ్యకుండా మరచుట్టు మూతలు పెట్టుకుంటే తర్వాత కడగడం తేలిక. అతుకులు ఏసీ మెకానిక్ చేత బ్రేజింగ్ (ఎక్కువ వేడికి కరిగే లోహంతో అతకడం) చేయించండి. సీసం కలిసిన టంకం వద్దు, పెట్టె లోపలి వేడికి అది బలహీనపడుతుంది. ఒకటే జాగ్రత్త, రాగి లైనులో మధ్యలో జీఐ నిపుల్ గానీ ఎల్బో గానీ ఇరికించొద్దు. ఈ రెండు లోహాలూ తడిలో కలిస్తే తినేది జింకునీ ఇనుమునే, అదీ చాలా తొందరగా. ఇత్తడి ఫిట్టింగులు కాస్త ఖరీదే, పెట్టండి.

ఇక మే నెల. నాటు హీటర్లు చచ్చేది చలికాలంలో కాదు, ఎండాకాలంలో. వేడినీళ్ళు ఎవరికీ అక్కర్లేదు, ట్యాంకు వాల్వు కట్టేస్తారు, పైపుల్లో నీళ్ళు కదలవు లేదా ఆవిరైపోతాయి. పెట్టె మాత్రం ఎండలోనే ఉంటుంది. 1767లో ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త నల్లగా చేసిన బెండు పరిచిన చెక్కపెట్టె మీద మూడు అద్దాలు పేర్చి ఎండలో పెడితే లోపల 110 డిగ్రీల దాకా వెళ్ళింది. రాగి లేదు, కోటింగు లేదు. మన నడివేసవి ఎండలో ఒక్క అద్దం, నల్లరేకు, వెనక గ్లాస్‌వూల్ (గాజు దూది) ఉన్న పెట్టె కూడా సులువుగా వంద దాటుతుంది.

ఆ వేడికి ఏమేం ఆగవో చూడండి. థర్మోకోల్ 80 డిగ్రీల దగ్గరే ముడుచుకోవడం మొదలెడుతుంది. మా బావమరిది అంత పట్టుబట్టి రాగి రేకేసినా వెనకాల పెట్టింది థర్మోకోలే. ఎండాకాలం పోయాక విప్పి చూస్తే రెండు అంగుళాల షీటు ఎండు రేగుపండులా ముడతలుపడి ఒక మూలకి చేరింది. మిగతా చోటంతా ఖాళీ. మామూలు పీవీసీ పైపు 60 దాటగానే బలం తప్పుతుంది, తర్వాత సాగిలపడుతుంది. వేడినీళ్ళకి వాడే సీపీవీసీ పైపు మీద 93 డిగ్రీలు అని రాసి ఉంటుంది. పెట్టె బయట అది బాగానే పనిచేస్తుంది గానీ, పెట్టెలోంచి వచ్చే పై గొట్టానికి నేరుగా తగిలించకుండా ముందు రెండు అడుగులు రాగి పైపే నడిపించి అక్కడ కలపాలి. అతుకు కూడా తాడు కట్టినంత బిగువుగా కాకుండా కాస్త కదిలేట్టుండాలి, వేడికి సాగుతుంది గనక.

డ్రిప్ పైపుల సంగతి విడిగా చెప్పాలి. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల వైపు పాత 16 ఎం.ఎం. లేటరల్ చుట్టలు ఎన్నైనా దొరుకుతాయి, నల్లగా ఉంటాయి, చవక. అందరికీ వచ్చే మొదటి ఆలోచన అదే. వంద మీటర్ల చుట్టలో పట్టే నీళ్ళు 14 లీటర్ల చిల్లర, బకెట్ నిండదు. మిద్దె మీద ఉత్తగా పరిస్తే మధ్యాహ్నం అంట్లు తోముకోవడానికి వేడినీళ్ళు వస్తాయి, ఆ మాత్రానికి మంచిదే. అద్దం కింద పెడితే మాత్రం మే నెలలో మెత్తబడి, జాయింట్లు ఊడిపోతాయి. అంత పొడుగు సన్నపైపులో నీళ్ళు వాటంతటవి తిరగవు కూడా, మోటారు పెట్టాలి. మోటారు పెట్టాక ఇక చవకేముంది?

పెట్టె వెనక రెండు అంగుళాల గ్లాస్‌వూల్ పెట్టండి, చేతికి తొడుగు, ముక్కుకి గుడ్డ కట్టుకుని. పెట్టెకి ఇనుప యాంగిల్ వద్దు, తుమ్మలపెంట సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి గేట్లూ గ్రిల్సూ ఏమవుతున్నాయో చూస్తూనే ఉన్నాం. పాత అల్యూమినియం కిటికీ సెక్షన్లు చాలు. చెక్కయితే చెదలు.

అద్దం విషయంలో కూడా జనం వెతికేది వెలుతురునే. మామూలు కిటికీ అద్దం అంచు పచ్చగా కనిపిస్తుంది కదా, అందులోని ఇనుము వల్ల. నాలుగు ఎం.ఎం. మామూలు అద్దం ఎండలో 83, 84 శాతం లోపలికి పోనిస్తుంది. ఇనుము తక్కువున్న ప్రత్యేకమైన అద్దం 90 దాటిస్తుంది. ఆ ఆరేడు శాతం మనకి అక్కర్లేదని ముందే లెక్క తేలింది. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) అద్దం తీసుకోమనేది వేరే కారణానికి. కాగే అద్దం మీద హఠాత్తుగా వేసవి జల్లు పడినప్పుడు మామూలు అద్దం పగలొచ్చు. ఇంకోటి, కోతులు. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కొయ్యలేరు, కొలత ముందే సరిచూసుకోవాలి. ఒకే పెద్ద అద్దం కాకుండా రెండు ముక్కలుగా వేసుకుంటే, పగిలినా సగం ఖర్చుతో పోతుంది. పాలిథిన్ షీటు చవకే గానీ లోపలి వేడిని బయటికి వదిలేస్తుంది, ఎండకి చిరిగిపోతుంది.

ఇంతసేపూ పెట్టె గురించి రాశాను గానీ, నిజానికి నేను ఎక్కువ డబ్బు పెట్టమనేది ట్యాంకు మీద, కాదు, ట్యాంకు చుట్టూ. నీళ్ళు వేడెక్కేది మధ్యాహ్నం, మనం పోసుకునేది తెల్లవారుజామున. మధ్యలో 14 గంటలు. 100 లీటర్ల ట్యాంకుని ఏమీ చుట్టకుండా వదిలేస్తే సాయంత్రం 50 డిగ్రీలున్న నీళ్ళు, రాత్రి 22 డిగ్రీలుంటే, తెల్లారేసరికి 28కి దిగిపోతాయి. అదే ట్యాంకు చుట్టూ, అడుగునా, పైనా రెండు అంగుళాల గ్లాస్‌వూల్ ఉంటే లెక్క ప్రకారం 47 మిగలాలి. పైపుల్లోంచి పోయేది తీసేసినా 44, 45 ఉంటాయి. రేకులో నాలుగు శాతం కోసం కొట్టుకునేవాళ్ళు ఇక్కడ 20 డిగ్రీలు గాలికి వదిలేస్తున్నారు. అమెరికాలో ఇదే జరిగింది. 1891లో క్లారెన్స్ కెంప్ పెట్టెలోనే ట్యాంకులు పెట్టి హీటర్ అమ్మాడు, సాయంత్రానికి వేడి, పొద్దునకి చల్లన. 1909లో విలియం బెయిలీ ట్యాంకుని విడదీసి, చుట్టూ వేడి పోకుండా కప్పి, పగలూ రాత్రీ పనిచేస్తుందని దానికి 'డే అండ్ నైట్' అని పేరే పెట్టాడు. మార్కెట్ అతనిదైపోయింది.

ట్యాంకుకి స్టీలే అక్కర్లేదు. ఉప్పు తగిలిన తీరప్రాంతపు బోరు నీళ్ళు వేడిగా ఉంటే స్టీలుని కూడా పొడుస్తాయి, సూదిమొన లాంటి చిల్లులు పడతాయి. పైన గాలి గొట్టం పెట్టిన మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ము 50 డిగ్రీలకి బాగానే ఆగుతుంది. ఒక్కటి చూసుకోండి. మా వైపు రొయ్యల చెరువుల దగ్గర నీలం డ్రమ్ములు బోలెడు అమ్ముతుంటారు, వాటిలో అంతకుముందు ఏం పోశారో తెలియకుండా కొనొద్దు. చుట్టూ కట్టడానికి గ్లాస్‌వూల్ ఖరీదనిపిస్తే వరి ఊక ఉంది, నెల్లూరు జిల్లాలో రైస్‌మిల్లు లేని దారేది? పెద్ద డ్రమ్ములో చిన్న డ్రమ్ము పెట్టి, మధ్య నాలుగు అంగుళాలు ఊక కూరండి. తడి తగలకూడదు, అంతే. ట్యాంకు అడుగు, పెట్టె పై అంచుకంటే కనీసం అడుగు ఎత్తున ఉండాలి. అప్పుడే నీళ్ళు వాటంతటవి తిరుగుతాయి, రాత్రి వెనక్కి తిరగవు. ఈ నీళ్ళు స్నానానికే. ఫ్లోరైడు ఉన్న కనిగిరి, పామూరు వైపు వాళ్ళకి మరీ చెప్పాలి, వేడి చేస్తే ఫ్లోరైడు పోదు.

"ఇంత బాధెందుకు, రెడీమేడ్ కొనుక్కోవచ్చుగా" అంటారా? మెత్తటి నీళ్ళున్నవాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. గాజు గొట్టాల హీటర్లు వేడి పట్టడంలో మన నాటు పెట్టెని చిత్తుగా ఓడిస్తాయి. అంత వేడెక్కడమే మన బోరు నీళ్ళతో తంటా, గొట్టాల అడుగున సున్నం ముద్దలు కడుతుంది. నీళ్ళలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకుని కొనండి.

ఒంగోలు మిత్రుల్లో ఒకాయన చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పెట్టె లోపల పేరిస్తే రాత్రంతా వేడి నిలుస్తుందన్నాడు. నల్లరాయి కాబట్టి ఆ ఊహ రావడం సహజం. కానీ కిలోకి కిలో చూస్తే నీళ్ళు దాచుకునే వేడిలో రాయి దాచేది ఐదో వంతు. అంత జాగాలో నీళ్ళే పోస్తే రెట్టింపు వేడి నిలుస్తుంది. రాయి పెట్టె లోపలికి వద్దు గానీ, బయట దానికి మంచి పనుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా మిద్దెల మీద రేకులు ఎలా లేచాయో చూశాం. గంటకి వంద కిలోమీటర్ల గాలి రెండు చదరపు మీటర్ల పెట్టెని దాదాపు వంద కిలోల బలంతో తోస్తుంది. స్లాబుకి బోల్టులు దించితే అక్కడినుంచే వాన కారుతుంది. స్టాండు నాలుగు కాళ్ళకీ నాలుగు గ్రానైట్ వేస్టు దిమ్మెలు కట్టండి. ఒక ఘనపు అడుగు రాయి 75 కిలోలకి పైమాటే. బండి కిరాయి ఇచ్చి ఎత్తుకెళ్తే చాలు, రాయికి పెద్దగా డబ్బు తీసుకోరు.